మన్యపు జ్వరము – సర్ రొనాల్డ్ రాస్ జీవితము

మన్యము నీళ్లు పడలేదు అనే మాట ఖమ్మము, భద్రాచలము వైపు పుట్టి పెరిగిన వారెవరికీ కొత్త కాదు. బదిలీ అయి వచ్చిన బడిపంతులు గాని, ఉపదేశి గాని, అటవీ శాఖ గార్డు గాని నెల తిరగకుండానే చలిజ్వరముతో దుప్పటి కప్పుకొని మూలకు ముడుచుకుంటే పెద్దలు చెప్పే కారణము అదే. కొందరు నీళ్లన్నారు, కొందరు గాలి అన్నారు, మరి కొందరు కొండదేవత కోపమన్నారు. ఇది మన పల్లెల అమాయకత్వము మాత్రమే అనుకోనక్కరలేదు. మలేరియా అనే పేరుకు ఇటలీ భాషలో చెడ్డ గాలి అనే అర్థము. బురదనేలల నుండి రాత్రివేళ లేచే ఆవిరి వలన ఈ జ్వరము వస్తుందని యూరపులోని పెద్ద పెద్ద వైద్యులు కూడ తరతరాలుగా నమ్ముతూ వచ్చారు.

ఆ నమ్మకముతోనే దుమ్ముగూడెం వద్ద గోదావరిపై ఆనకట్ట కట్టేవారు కూడ జ్వరానికి తలవంచారు. 19వ శతాబ్దపు నడుమ హెయిగ్ దొరగారు నది పొడవునా పడవలు నడపాలని ఆ పనులు సాగించినప్పుడు జ్వరాలతోను, కలరాతోను కూలీలు చెదిరిపోయేవారు. కోయల మధ్య సువార్త పనికి పునాది వేయించిన హెయిగ్ దొరగారు ఆయనే గనుక మన సంఘాలలో ఆ పేరు తెలిసినవారు ఉన్నారు. చివరకు 1871లో ప్రభుత్వము ఆ నదీ ప్రయాణపు పథకమును మానుకొన్నది. డబ్బు కొరతతోపాటు జ్వరము కూడ ఆ పనికి అడ్డుగా నిలిచింది. అది గడచి ఇరవై ఆరు సంవత్సరాలకే ఆ జ్వరానికి అసలు కారణము బయటపడింది. అది బయటపడిన చోటు లండను కాదు, ప్యారిసు కాదు. మన డోర్నకల్లు నుండి ఒక్క పగటి రైలు ప్రయాణములో చేరగల సికింద్రాబాదు. కనుగొన్నవారు సర్ రొనాల్డ్ రాస్ గారు. ఈ శతవార్షిక సంచికలో ఆయన జీవితమును చెప్పుకోవడము సముచితమని మేము తలంచాము. ఆయన మన ప్రాంతానికి ఎన్నడూ రాలేదు. అయినా ఆయన వెతికిన శత్రువు మన ఇండ్లలోనే ఉండేది.

రాస్ గారు 1857 మే 13న హిమాలయాల దాపున అల్మోరాలో జన్మించారు. సిపాయిల తిరుగుబాటు మొదలైన రోజులవి. తండ్రి భారత సైన్యములో అధికారి, తరువాత జనరల్ అయినవారు. పదిమంది పిల్లలలో ఈయనే పెద్ద. ఎనిమిదవ ఏట ఇంగ్లండులోని బంధువుల యింటికి పంపివేశారు. పిల్లవాడికి బొమ్మలు గీయడము, పద్యాలు వ్రాయడము, సంగీతము, లెక్కలు ఇష్టము. వైద్యము మాత్రము ఇష్టము లేదు. తండ్రి పట్టుదల మీద లండనులోని సెయింట్ బర్తలోమ్యూ ఆస్పత్రిలో చేరారు. చదువు అంతంత మాత్రముగా సాగింది. ఒక పరీక్ష తప్పి, కొంతకాలము ఓడలో వైద్యుడుగా తిరిగి, 1881లో ఎట్టకేలకు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. ఇరవై ఇద్దరిలో పదిహేడవ స్థానము వచ్చింది. పిల్లల మార్కులు చూసి ఆశ వదులుకొనే తల్లిదండ్రులు మన సంఘాలలోను ఉన్నారు గనుక ఈ సంగతి వదలకుండ వ్రాస్తున్నాము.

సిపాయిల దండులో డాక్టరు ఉద్యోగమంటే ఆ రోజులలో ఉదయము రెండు మూడు గంటల పని. మిగిలిన సమయములో ఆయన నవలలు, కవిత్వము వ్రాసుకొనేవారు, లెక్కలు చేసుకొనేవారు. 1883లో బెంగుళూరులో ఆయనకిచ్చిన బంగళాలో దోమలు విపరీతముగా ఉండేవి. కిటికీ బయట నీటి తొట్టిలో సన్నని పురుగులు తోకలాడించడము చూసి ఆ తొట్టిని బోర్లించారు. దోమలు తగ్గిపోయాయి. సంతోషముతో వెళ్లి, దండులోని మిగిలిన తొట్లు కూడ ఇట్లే చేద్దామని పై అధికారికి చెప్పారు. సృష్టిలో దోమలు ఉన్నదే ఏదో ఒక పనికి, ఉన్నవాటిని ఓర్చుకోవలె అన్నట్లు ఆ అధికారి కొట్టివేశారు. భక్తి మాటలను సోమరితనానికి ముసుగుగా వాడడము ఆ అధికారితోనే మొదలు కాలేదు, ఆయనతోనే ముగియలేదు.

1888లో సెలవు మీద ఇంగ్లండు వెళ్లి ప్రజారోగ్యములో డిప్లొమా, సూక్ష్మజీవుల శాస్త్రములో శిక్షణ పొందారు. 1889లో రోజా బ్లాక్సమ్ గారిని వివాహమాడి తిరిగి వచ్చారు. అప్పటికి ఫ్రెంచి సైన్య వైద్యుడు లావెరాన్ గారు 1880లోనే అల్జీరియాలో మలేరియా రోగుల రక్తములో ఒక సూక్ష్మజీవిని చూశారు. రాస్ గారు ఎంత వెతికినా అది కనిపించలేదు. కనిపించనిది లేనట్లేనని తలచి, ఇది పేగులలో పుట్టే విషమని వ్యాసాలు కూడ వ్రాశారు. 1894లో మరల లండను వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆయనను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, లావెరాన్ చూసిన జీవిని చూపించారు. బోదకాలు పురుగు దోమలో పెరుగుతుందని లోగడ చైనాలో కనుగొన్నవారు ఈ మాన్సన్ గారే. మలేరియా జీవి కూడ దోమ ద్వారానే తిరుగుతుందేమోనని ఆయన ఊహ. ఆ ఊహను ఋజువు చేయడమే పనిగా రాస్ గారు 1895లో తిరిగి వచ్చారు. సికింద్రాబాదులోని 19వ మద్రాసు పదాతిదళములో వైద్యునిగా నియమించారు.

ఇక్కడ ఆయన పడిన పాట్లు కొంచెము వివరముగా చెప్పవలసి ఉన్నది. వ్రేలు సూదితో పొడిచి రక్తము తీస్తారంటే రోగులు పారిపోయేవారు. డబ్బులిచ్చి, బ్రతిమాలి ఒప్పించవలసి వచ్చేది. దోమతెరలో రోగిని పడుకోబెట్టి లోపలికి దోమలను వదిలేవారు. అవి కుట్టిన తరువాత సీసాలలో పట్టి, సూదిమొనతో పొట్ట చీల్చి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క కణమును వెతికేవారు. రెండు సంవత్సరాలు గడచినా ఏమీ దొరకలేదు. కారణము తరువాత తెలిసింది. ఇంటి చుట్టూ దొరికే దోమలన్నీ మలేరియా మోసే జాతి కాదు. ఆయన వాడిన బూడిదరంగు దోమలు, చారల దోమలు ఈ జీవిని పెంచలేవు. దోమలలో ఏ జాతి ఏదో చెప్పే పుస్తకము కూడ ఆయన చేతిలో లేదు.

ఒక తప్పుదారి కూడ పట్టారు. దోమ నీటిలో చచ్చిపోతే ఆ నీటిని త్రాగినవారికి జ్వరము వస్తుందని మాన్సన్ గారి ఊహ. దానిని పరీక్షించడానికి రాస్ గారు దోమలు చచ్చిన నీటిని డబ్బులిచ్చి కొందరికి త్రాగించారు. ఒకతనికి కొద్దిపాటి జ్వరము వచ్చిందిగాని అది మలేరియా అని తేలలేదు. పేదవాని అవసరము చూసి డబ్బు చూపి ఇట్టి పరీక్ష చేయడము నేటి వైద్యధర్మము ఒప్పుకోదు. ఆ రోజులలోనైనా అది మెచ్చదగినది కాదని మా అభిప్రాయము.

1895 సెప్టెంబరులో కలరా ప్రబలిన బెంగుళూరుకు ఆయనను పంపారు. మలేరియా పని ఆగిపోయిందని ఆయన బాధపడ్డారుగాని, మా దృష్టిలో ఆ కాలము వ్యర్థము కాలేదు. కిక్కిరిసిన పేటలు, మురికి చేరిన బావులు, పారని కాలువలు, చెత్త ఎత్తించే బాధ్యతను ఒకరిమీద ఒకరు తోసుకొనే ఉద్యోగులు, ఇవన్నీ వీధి వీధి తిరిగి చూశారు. రోగ కారణము తెలియడము ఒక ఎత్తు, ఊరిని బాగు చేయించడము మరొక ఎత్తు అని ఆయనకు అక్కడ అర్థమయింది. తరువాత ముప్పది సంవత్సరాలు ఆయన చేసిన పోరాటమంతా ఈ రెండవదాని కొరకే. 1897లో నీలగిరుల దిగువ లోయలలో దోమల కొరకు తిరిగి తానే మలేరియా తెచ్చుకొన్నారు. జూనులో మరల సికింద్రాబాదు చేరారు.

ఆ ఆగస్టు నెల ఉక్కపోత భరింపరానిది. బేగంపేటలోని చిన్న ఆస్పత్రి గదిలో పంకా కూడ లాగనిచ్చేవారు కాదు, కోసిన దోమ ముక్కలు గాలికి ఎగిరిపోతాయని. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. కన్ను పెట్టే అద్దము పగిలి ఉన్నది. అప్పుడు ఆయన మనుషులు తెచ్చిన పురుగుల నుండి కొత్త రకము దోమలు పుట్టాయి. గోధుమరంగు ఒళ్లు, రెక్కలపై మచ్చలు. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగి వాటిచేత కుట్టించుకొన్నాడు. దోమకొక అణా చొప్పున పది దోమలకు పది అణాలు ముట్టాయి. ఆ దోమలలో కొన్ని చచ్చిపోయాయి, కొన్నింటిని ముందే కోసి చూశారు. ఆగస్టు 20 నాటికి మిగిలినవి చాల కొద్ది. ఆ రోజు మధ్యాహ్నము, కళ్లు అలసి ఇక చాలుననుకొనే సమయానికి, ఒక దోమ పొట్ట గోడలో మునుపు ఎన్నడూ చూడని గుండ్రని కణములు కనిపించాయి. వాటిలో నల్లని సన్నని రేణువులున్నాయి. మలేరియా రోగి రక్తములోని జీవిలో ఉండే నల్లరంగు అదే. మరునాడు ఇంకొక దోమలో అవే కణములు మరికొంచెము పెద్దవిగా కనబడ్డాయి. అనగా అవి దోమలో పెరుగుతున్నాయి.

ఆ సందర్భములో దేవునికి కృతజ్ఞతగా పద్యాలు వ్రాసి భార్యకు పంపారు. వైద్యశాస్త్రములో ఆ రోజును నేటికీ దోమల దినముగా గుర్తు చేసుకొంటారు. హుసేన్ ఖాన్ పేరు మాత్రము అంతగా వినబడదు. అందుకే మన సంచికలో ఆ పేరు ఉండాలని మేము వ్రాస్తున్నాము.

ఇంత జరిగిన నెలలోనే ప్రభుత్వము ఆయనను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. మలేరియా రోగులు దాదాపు దొరకని చోటు. ఐదు నెలలు చేతులు కట్టుకొని కూర్చొన్నారు. మాన్సన్ గారు పలుకుబడి ఉపయోగించి 1898 ఫిబ్రవరిలో కలకత్తాకు మార్పించారు. అక్కడ వేరొక అడ్డంకి వచ్చింది. 1896లో బొంబాయిలో పుట్టిన ప్లేగు భయము నగరాలన్నింటికీ పాకింది. టీకా సూదులంటే జనము హడలిపోతున్నారు. సూది పట్టుకొని వచ్చిన డాక్టరును ఎవరు రానిస్తారు? అందుచేత రాస్ గారు మనుషులను విడిచి పిట్టలను పట్టుకొన్నారు. పిచ్చుకలకు వచ్చే మలేరియా కూడ అటువంటిదే. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలను పెంచడములో, పట్టడములో ఆరితేరినవాడు. 1898 జూలైలో ఆ జీవి దోమ పొట్టనుండి దారపు పోగుల వలె విడివడి, దోమ లాలాజల గ్రంథులలో చేరుతున్నదని రాస్ గారు కనుగొన్నారు. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలు జబ్బుపడ్డాయి. దోమ కుట్టేటప్పుడు ముందు తన లాలాజలమును వదిలి, తరువాత రక్తము పీలుస్తుంది. జబ్బు దిగేది ఆ లాలాజలముతోనే. గాలి కాదు, నీళ్లు కాదు అని అక్కడ తేలిపోయింది. అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ గారు, ఆయన తోటివారు మనుషులకు వచ్చే మలేరియా అనోఫిలిస్ జాతి దోమలలో మొదటినుండి చివరిదాక ఎట్లు నడుస్తుందో చూపించారు.

1899లో రాస్ గారు ఇండియా విడిచి లివర్పూలులో కొత్తగా పెట్టిన ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరారు. ఓడరేవు నగరము కాబట్టి ఆఫ్రికానుండి వచ్చే నావికులు, వర్తకులు జ్వరాలతో దిగేవారు. ఆ వర్తకుల డబ్బుతోనే ఆ పాఠశాల నిలబడింది. అదే సంవత్సరము ఆఫ్రికాలోని ఫ్రీటౌనుకు వెళ్లి, వీధుల నీటి గుంటలలో అనోఫిలిస్ పురుగులను పట్టి చూపించారు. తరువాత మనుషులను కూడగట్టి, గుంటలు పూడ్పించి, కాలువలు తవ్వించి, ఇళ్ల వెనుక పడివున్న డబ్బాలు, పగిలిన సీసాలు బండ్ల మీద ఎత్తించారు.

అయితే ఆయన పద్ధతికి మంచి సాక్ష్యము సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న ఇస్మాయిలియా పట్టణము. కాలువ కంపెనీ ఎడారిలో కట్టించుకొన్న ఊరది. నైలునది నుండి మంచినీటి కాలువ తెచ్చి తోటలు పెంచారు. నీటితోపాటు దోమా వచ్చింది. 1877 నుండి జ్వరాలు మొదలై, 1900లో సుమారు పదివేల జనము కూడ లేని ఆ ఊరిలో రెండు వేలకు పైగా మలేరియా కేసులు నమోదయ్యాయి. 1902లో కంపెనీవారు రాస్ గారిని పిలిపించారు. ఆయన ఇల్లిల్లు తిరిగి పల్లపు గుంటలు పూడ్పించారు, మురికి గుంతలలో కిరోసిను పోయించారు, కాలువ గట్లమీది గడ్డి కోయించారు. కొద్దిమంది కూలీలను వారమువారము ఇదే పనికి నిలిపారు. 1903లో కేసులు సుమారు రెండు వందలకు దిగాయి. 1905 నాటికి కొన్ని పదులు మాత్రమే. ఆ 1902లోనే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తరువాత పనామా కాలువను అమెరికావారు తవ్వి 1914లో తెరవగలిగారంటే, జ్వరాలను అణచడానికి ఇటువంటి దోమల పనినే అక్కడ పెద్ద ఎత్తున చేయడము దానికి ఒక ముఖ్య కారణము.

లాహోరు పక్కన మియాన్ మీర్ దండులో మాత్రము కథ తిరగబడింది. 1901 ప్రాంతమున మొదలుపెట్టి కొన్ని సంవత్సరాలు దోమలను చంపే ప్రయత్నము చేసి, ఫలితము లేదని ప్రభుత్వ వైద్యులు తేల్చారు. దోమల వెంట తిరగడము దండుగ, క్వినైను పంచడమే మేలు అనే వాదము బలపడింది. మన పెద్దలు కొయినా అని పిలిచిన చేదు మందు అదే. రాస్ గారు మండిపడ్డారు. చాలినంత డబ్బు, మనుషులు లేకుండ సగము సగము చేసిన పనిని చూసి పద్ధతినే నిందిస్తారా అని ఆయన వాదన. ఇద్దరి మాటలోను కొంత నిజమున్నదని మాకు తోస్తుంది. జ్వరముతో వణికే బిడ్డకు గుంట పూడ్చే దాక ఆగమని చెప్పలేము కదా. కాని మందు మాత్రమే మింగుతూ గుంటను అట్లే ఉంచితే, జ్వరము మరుసటి వానకు తిరిగి వస్తుంది.

1907–08లో మారిషస్ దీవికి వెళ్లి, పిల్లల పొట్టలు తడిమి, ఎంతమందికి ప్లీహము పెరిగిందో లెక్కగట్టించారు. కడుపులో బల్ల అని మనవైపు తల్లులు చెప్పేది ఇదే. ఆ లెక్కలనుండి, చిన్ననాటి గణితాభిమానముతో, ఆయన ఒక గొప్ప సంగతి తేల్చి 1910లో గ్రంథముగా ప్రకటించారు. మలేరియా పోవాలంటే చిట్టచివరి దోమను కూడ చంపనక్కరలేదు. దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువకు తగ్గితే చాలు, ఒక రోగినుండి మరొకరికి జబ్బు అందే గొలుసు తెగిపోయి, అది తనంతట తానే ఆరిపోతుంది. నేటి అంటువ్యాధుల లెక్కలకు మూలము ఇక్కడ ఉన్నది. మన డోర్నకల్ అధ్యక్ష మండలము ఏర్పడిన 1912 నాటికి ఆయన సర్ బిరుదు పొంది ఏడాది అయింది.

మరి ఆ విద్య మన మన్యానికి ఎందుకు వెంటనే అందలేదు? ఈ ప్రశ్న అడగకుండ ఆయన జీవితమును పొగిడి ముగించడము మాకు ఇష్టము లేదు. ఆయన పద్ధతి ఊళ్లకు, దండులకు, కంపెనీ పట్టణాలకు సరిపోయినది. అక్కడ గుంటలను లెక్కపెట్టవచ్చు, పూడ్చవచ్చు, జీతము ఇచ్చి మనిషిని పెట్టవచ్చు. బొగ్గు కొరకు, రైలుకట్ట కొరకు మట్టి తవ్విన చోట మిగిలిన గోతులనూ పూడ్చవచ్చు. అడవిలో దోమ వేరు. మైదానపు దోమ అనోఫిలిస్ క్యూలిసిఫేసిస్. కొండ దిగువ గ్రామాలలో దానికి తోడుగా అనోఫిలిస్ ఫ్లూవియాటిలిస్ కూడ ఉన్నది. దాని పేరులోనే నది అనే అర్థమున్నది. అది మురికి గుంటలో కాదు, మెల్లగా పారే చల్లని సెలయేటి అంచున, గడ్డి నీడలో గుడ్లు పెడుతుంది. సెలయేరును ఎవరు పూడ్చగలరు? పూడిస్తే గూడెము త్రాగేదేమిటి? పైగా మన అడవిలో ఎక్కువగా కనిపించే ఫాల్సిపారమ్ రకము తలకెక్కి రోజులలోనే ప్రాణము తీయగలది. ఆస్పత్రికి వాగులు దాటి వెళ్లవలసిన చోట ఆ రోజులే కరువు.

అందువలన మనవైపు మేలు జరిగింది గోడల మీద మందు చల్లడము వచ్చిన తరువాతనే. 1953లో జాతీయ మలేరియా అదుపు కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము మొదలయ్యాయి. డీడీటీ పంపులు భుజాన వేసుకొన్న మనుషులు గూడెము గూడెమూ తిరిగి, చల్లిన తేదీని గోడమీద వ్రాసిపోయేవారు. పండుగ వచ్చిందని మరుసటి వారమే ఆ గోడను పేడతో అలికివేసే ఇల్లాలిని తప్పుపట్టడము తేలిక. ఆ మందు గోడమీద ఉండడమే అసలు పని అని ఆమెకు ఆమె భాషలో ఎవరు చెప్పారు? 1965 నాటికి దేశములో కేసులు సుమారు లక్షకు దిగాయి. ఇక గెలిచామని పట్టు సడలించగా, 1976లో అరవై నాలుగు లక్షలయ్యాయి. నేడు మందు పట్టించిన దోమతెరలు, వ్రేలి రక్తపు చుక్కతో అక్కడికక్కడే తేల్చే పరీక్షలు, కొత్త మాత్రలు గూడేల దాక వచ్చాయి. జబ్బు చాల తగ్గింది. అయినా దుమ్ముగూడెం, చర్ల వైపు సరిహద్దు గ్రామాలలో వానలు పడగానే ఆరోగ్య కార్యకర్తలు నేటికీ మొదట వెతికేది ఈ జ్వరమునే.

రాస్ గారి చివరి రోజులు అంత సుఖముగా గడవలేదు. గ్రాస్సీ గారితో ఎవరు ముందు కనుగొన్నారనే తగాదా సంవత్సరాల తరబడి సాగింది. తనను చేరదీసిన మాన్సన్ గారితో కూడ మనస్పర్ధలు వచ్చాయి. మశూచికి టీకా కనుగొన్న జెన్నరుకు పార్లమెంటు ధనమిచ్చినట్లు తనకూ ఇవ్వాలని కోరారు, ఇవ్వలేదు. వృద్ధాప్యములో తన కాగితాలను అమ్ముకోవలసి వచ్చింది. స్వభావములో కొంత కాఠిన్యము, తనకు అన్యాయము జరిగిందనే ఆక్రోశము ఉండేవి. వాటిని దాచడము వలన ఆయన గొప్పతనము పెరగదు. పెద్ద కుమారుడు 1914 ఆగస్టులో ఫ్రాన్సులో యుద్ధభూమిలో మరణించాడు. 1926లో లండనులో ఆయన పేరిట ఉష్ణమండల వ్యాధుల సంస్థ తెరచారు. 1927 జనవరిలో కలకత్తా వచ్చి, తన ప్రయోగశాల దగ్గర కట్టిన స్మారక ద్వారమును తానే ఆవిష్కరించారు. 1931లో భార్య గతించారు. 1932 సెప్టెంబరు 16న ఆయన లండనులో కన్నుమూశారు. పట్నీ వేల్ శ్మశానవాటికలో భార్య పక్కనే సమాధి చేశారు.

బేగంపేటలో ఆయన దోమలను కోసిన ఆ చిన్న భవనము పాత విమానాశ్రయము సమీపమున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆధీనములో ఉన్నది. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆస్పత్రికి కూడ సర్ రొనాల్డ్ రాస్ పేరే పెట్టారు. జనము మాత్రము దానిని కోరంటి దవాఖానా అనే పిలుస్తారు.